ఫ్రాంచైజీ హోటలు: బీమా ఎవరి కోసం?

హోటలు యజమానులతో పాటు వంట మాస్టర్లు, కౌంటర్ మీద కూర్చునే కుర్రాళ్లు కూడా వచ్చారు. నేను చెప్పబోయేది వాళ్లకు సంబంధించిన సంగతి కూడా కనుక, వాళ్లు రావడం నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈ ఉపన్యాసం ఎవరి పేరున ఏర్పాటైందో ఆ పెద్దాయన్ని మీరంతా ఎరుగుదురు. ఆయన హోటలు బోర్డు మీద ఆయన ఇంటిపేరే ఉండేది. సాంబారులో ఏం తేడా వచ్చినా, పొయ్యి దగ్గర ఎవరి చెయ్యి కాలినా జనం ఆయన్నే అడిగేవారు, ఆయనే జవాబు చెప్పేవారు. ఇవాళ ఈ హాల్లో కూర్చున్న యువకుల్లో చాలామంది హోటళ్ల మీద ఇంకొకరి పేరు ఉంటుంది. టీ, బిర్యానీ, బేకరీ, ఐస్‌క్రీమ్, ఇలా ఏదో ఒక బ్రాండు. ఆ పేరు వాడుకోవడానికి ముందు కొంత, నెలనెలా రాయల్టీగా కొంత కడుతున్నారు. పేరు మారింది గాని జవాబుదారీ మారలేదు. ఏం జరిగినా లైసెన్సు మీద సంతకం ఎవరిదో వాళ్లనే పోలీసులు, ఫుడ్ ఇన్‌స్పెక్టర్లు, లేబర్ ఆఫీసు వాళ్లు పిలుస్తారు.

నేను లాస్ సర్వేయర్‌గా పనిచేసినవాణ్ణి. మంట ఆరాక, వరద తీశాక వెళ్లి నష్టం లెక్కగట్టడం నా వృత్తి. అందుకే బీమా గురించి నాకు తెలిసిందంతా చెడిపోయిన రోజుల నుంచి తెలిసిందే. ఆ అనుభవంలోంచి ఒకే ఒక్క మాట మీ ముందు పెట్టాలని వచ్చాను. ఫ్రాంచైజీ ఒప్పందంలో కనిపించే బీమా షరతును బ్రాండు యాజమాన్యం తన రక్షణ కోసం రాసుకుంది. అది తప్పేమీ కాదు. కాని ఆ షరతు తీరిస్తే మనకు రక్షణ దొరికినట్టే అనుకుని నిశ్చింతగా ఉండటం పెద్ద ప్రమాదం.

ఆ షరతు ఎలా ఉంటుందో చూడండి. ఇంత మొత్తానికి ఫైర్ పాలసీ ఉండాలి, ఇంతకు పబ్లిక్ లయబిలిటీ ఉండాలి, సిబ్బందికి చట్టప్రకారం కావలసిన బీమా ఉండాలి, పాలసీలో మా పేరు కూడా చేర్పించాలి, ఏటా రెన్యువల్ కాపీ పంపాలి, పంపకపోతే ఒప్పందం రద్దు చేసే హక్కు మాకుంది. దాదాపు ఇంతే. దీనికి కాస్త అటో ఇటో ఇంకో క్లాజు ఉంటుంది. మీ అవుట్‌లెట్‌లో జరిగిన దేనికైనా మా మీద దావా పడితే ఆ నష్టం, లాయరు ఖర్చులతో సహా, మీరే భరించాలి అని. ఇలాంటి హామీని 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 124, 125 సెక్షన్లు గుర్తిస్తాయి. కోర్టులో అది నిలుస్తుంది.

ఈ రెండు క్లాజులనూ పక్కపక్కన పెట్టి చదవాలి. పాలసీకి ఒక గరిష్ఠ మొత్తం ఉంటుంది. హామీకి సాధారణంగా ఏ హద్దూ రాయరు. అంతకన్నా లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. పబ్లిక్ లయబిలిటీ పాలసీల్లో ఒక మినహాయింపు మామూలుగా కనిపిస్తుంది: చట్టప్రకారం ఎలాగూ మీ మీద పడే బాధ్యతకే మేం డబ్బిస్తాం, కేవలం ఒప్పందంలో ఒప్పుకున్నందువల్ల మీ నెత్తిన పడిన బాధ్యతకు ఇవ్వం అని. అంటే బ్రాండుకు మీరిచ్చిన హామీలో కొంత భాగానికి వెనక ఏ బీమా కంపెనీ ఉండదు, మీ ఇల్లూ పొలమే ఉంటాయి. సంతకం పెట్టేముందు ఆ హామీకి ఒక హద్దు రాయించండి. పాలసీ మొత్తం వరకే అని, మా తప్పు వల్ల జరిగినదానికే అని రాయించడానికి గట్టిగా అడగండి. బ్రాండు సరఫరా చేసిన మసాలా వల్లో, సాస్ వల్లో నష్టం జరిగితే అదే హామీ వాళ్లు మీకు తిరిగి ఇవ్వాలని కూడా అడగండి. చిన్నవాళ్లం, మన మాట వింటారా అనుకోవద్దు. కొత్త ఊళ్లో అవుట్‌లెట్ తెరవడం వాళ్లకూ అవసరమే.

ఇక్కడ అమెరికా సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మన ఒప్పందాల్లో చాలా క్లాజులు అక్కణ్ణుంచి వచ్చినవే. డాలస్‌లో, న్యూజెర్సీలో మన తెలుగువాళ్లు శాండ్‌విచ్, పిజ్జా, డోనట్ అవుట్‌లెట్లు నడుపుతున్నారు, మీలో కొందరి పిల్లలు కూడా ఉంటారు. అక్కడ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1979 నుంచి ఫ్రాంచైజీ నిబంధన అమలు చేస్తోంది. 2007లో దాన్ని సవరించింది. దాని ప్రకారం సంతకానికీ డబ్బు కట్టడానికీ కనీసం 14 రోజుల ముందు 23 అంశాలున్న వెల్లడి పత్రం చేతికివ్వాలి. పెట్టుబడి అంచనా కూడా అందులోనే ఉంటుంది. ఏ బీమాలు తీసుకోవాలో, ఎంతకు తీసుకోవాలో అక్కడే ముందుగా తెలిసిపోతుంది. ఒక ప్రమాదానికి పది లక్షల డాలర్లు, ఏడాది మొత్తానికి ఇరవై లక్షల డాలర్లు అనేది అక్కడ లయబిలిటీకి బాగా వాడుకలో ఉన్న కొలత. టెక్సస్ రాష్ట్రంలో ప్రైవేటు యజమాని కార్మికుల పరిహార బీమా తీసుకోవాలని చట్టం బలవంతపెట్టదు. అయినా ఫ్రాంచైజీ ఒప్పందాలు చాలావరకు తీసుకుని తీరాలంటాయి. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. వెల్లడి పత్రం ఇవ్వాలన్న నిబంధన లేదు. 14 రోజుల గడువు లేదు. శుక్రవారం ఒప్పందం చూపించి, సోమవారం మంచిరోజు, అడ్వాన్సు వేయండి అంటే వేసేస్తున్నాం.

మన దగ్గర పెద్ద విదేశీ పిజ్జా, బర్గర్ బ్రాండ్లను ఎక్కువగా జూబిలెంట్ ఫుడ్‌వర్క్స్, వెస్ట్‌లైఫ్ లాంటి పెద్ద కంపెనీలే నడుపుతున్నాయి. వాళ్లకు బీమా చూసుకోవడానికి మనుషులుంటారు, బ్రోకర్లుంటారు. నా ఆవేదన వాళ్ల గురించి కాదు. జిల్లా కేంద్రంలో ముప్పై లక్షలు అప్పు తెచ్చి ఒక్క అవుట్‌లెట్ పెట్టిన కుర్రాడి గురించి.

ఆ కుర్రాడి ఫైర్ పాలసీతోనే మొదలుపెడదాం. హోటల్లో మంట పాకే దారుల్లో చిమ్నీ గొట్టం ముఖ్యమైనది. వేపుళ్ల పొయ్యి మీద నుంచి లేచిన నూనె ఆవిరి గొట్టం లోపల పేరుకుని, నెలల తరబడి గట్టిపడి, జీళ్లపాకంలా తయారవుతుంది. ఒకచోట నేను స్క్రూడ్రైవర్‌తో గీకితే వేలెడు మందాన ఊడి వచ్చింది. కడాయిలో ఒక్కసారి మంట లేచి ఆ గొట్టానికి అంటుకుంటే క్షణాల్లో పై అంతస్తుకు పాకుతుంది. నీళ్లు కొడితే నూనె మంట ఇంకా ఎగదన్నుతుంది. గొట్టం ఆఖరిసారి ఎప్పుడు శుభ్రం చేయించారు, బిల్లు ఉందా అని సర్వేయర్ తప్పక అడుగుతాడు. బిల్లు ఉంటే మాట నిలబడుతుంది. హోటల్లో 19 కిలోల కమర్షియల్ సిలిండర్లకు బదులు ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు దొరికితే క్లెయిము చిక్కుల్లో పడినట్టే. పైగా కేసు కూడా ఎదుర్కోవాలి.

ఇక లెక్క. కుర్రాడు ఇంటీరియర్‌కు, వంట సామానుకు, సరుకుకు కలిపి 60 లక్షలు పెట్టాడనుకుందాం. బ్యాంకు అప్పు 30 లక్షలు. బ్యాంకు వాళ్లే పాలసీ చేయించారు, కాని తమ అప్పు ఎంతో అంతకే చేయించారు. మంటలో 20 లక్షల నష్టం వచ్చింది. పాలసీ 30 లక్షలుంది కదా, మొత్తం వస్తుందనుకుంటాడు. రాదు. ఆస్తి విలువలో సగానికే బీమా ఉంది కాబట్టి నష్టంలోనూ సగమే, అంటే 10 లక్షలే ఇస్తారు. దీన్ని యావరేజ్ క్లాజు అంటారు. ఆ 10 లక్షలు కూడా పాలసీలో బ్యాంకు క్లాజు ఉంటుంది గనుక ముందు బ్యాంకు చేతికి వెళతాయి. పన్నెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషికి ఈ సంగతి చెప్పాల్సి రావడం నా వృత్తిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టిన పని.

చిన్న వ్యాపారుల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ప్రామాణిక పాలసీలు తెచ్చింది. ఒక చోట ఆస్తి విలువ 5 కోట్ల వరకు అయితే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, 5 కోట్లు దాటి 50 కోట్ల వరకు అయితే భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. వీటిలో బీమా మొత్తం అసలు విలువకన్నా 15 శాతం లోపు తక్కువైతే కోత వేయరు. మనకు మంచి వెసులుబాటే. కాని సగానికి బీమా చేసినవాణ్ణి ఆ వెసులుబాటు ఆదుకోదు.

ఫ్రాంచైజీ హోటలుకు ఇంకో ప్రత్యేకమైన చిక్కు ఉంది, దీని గురించి ఏ ఏజెంటూ చెప్పగా నేను వినలేదు. కుర్చీల రంగు దగ్గర్నుంచి లైట్ల దాకా బ్రాండు చెప్పినట్టే పెట్టాలి కదా. నాలుగేళ్ల కిందట పెట్టిన డిజైను ఇవాళ కాలిపోతే, తిరిగి కట్టేటప్పుడు బ్రాండు కొత్త డిజైనే పెట్టమంటుంది. కొత్త డిజైను ఖరీదైనది. బీమా కంపెనీ, పాత సామానును రీఇన్‌స్టేట్‌మెంట్ పద్ధతిలో కొత్త ధరకు లెక్కగట్టినా, అంతకుముందు ఉన్నదానికన్నా మెరుగైనదానికి ఇవ్వదు. ఆ తేడా యజమాని మీదే పడుతుంది. ప్రమాదం తరవాత కట్టేటప్పుడు పాత ప్రమాణం చాలు అని, లేదా తేడా బ్రాండు భరిస్తుంది అని ఒప్పందంలో ఒక వాక్యం ఉంటే ఈ కష్టం తప్పుతుంది.

హోటలు మూతపడిన రోజుల సంగతి కూడా ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉన్నది మీకు గుర్తే. నీరు తీశాక ఒక చిన్న హోటల్లోకి వెళ్లాను. డీప్ ఫ్రీజర్ నీటిలో తేలి, తిరగబడి, తలుపుకు అడ్డంగా ఇరుక్కుని ఉంది. లోపలి సరుకు వాసనకు నిలబడలేకపోయాం. ఫ్రీజర్‌కూ సరుకుకూ క్లెయిము వచ్చింది, ఎందుకంటే ఫైర్ పాలసీలో వరద కూడా ఉంది. రాంది ఏమిటంటే రెండు నెలలు వ్యాపారం లేకపోయిన నష్టం. ఆ రెండు నెలలూ అద్దె ఆగలేదు, బ్యాంకు కిస్తీ ఆగలేదు, మాస్టర్ వేరే ఊరు వెళ్లిపోకుండా సగం జీతమైనా ఇవ్వాల్సి వచ్చింది. రాయల్టీ అమ్మకం మీద శాతమైతే సరేగాని, నెలకు కనీసం ఇంత అని రాసి ఉంటే అది కూడా ఆగదు. ఈ నష్టానికి లాస్ ఆఫ్ ప్రాఫిట్ అని వేరే పాలసీ ఉంది. దాన్ని ఫైర్ పాలసీకి జోడించి తీసుకోవాలి. మన హోటళ్లలో అది తీసుకున్నవాళ్లు నాకు చాలా అరుదుగా కనిపించారు.

ఆ లాస్ ఆఫ్ ప్రాఫిట్ పాలసీ కూడా ఆస్తికి నష్టం జరిగినప్పుడే పని చేస్తుంది. కరోనా లాక్‌డౌన్‌లో హోటళ్లు మూతపడ్డాయి గాని ఏ గోడా కాలలేదు, కాబట్టి మన దగ్గర ఆ పాలసీలు పలకలేదు. బ్రిటన్‌లో కొన్ని పాలసీల్లో అంటువ్యాధి వల్ల, ప్రభుత్వ ఆదేశం వల్ల మూతపడితే కూడా అని రాసి ఉంది. అక్కడి నియంత్రణ సంస్థ ఆ పాలసీలు తీసుకున్నవాళ్ల పక్షాన కోర్టుకెక్కింది. 2021 జనవరిలో బ్రిటిష్ సుప్రీంకోర్టు చాలావరకు వాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. ఆ రెండు మూడు వాక్యాలు పాలసీలో ఉన్న హోటళ్లు నిలదొక్కుకున్నాయి. ఇక డబ్బు గల్లా, అద్దాలు, బోర్డు, మెషీన్ బ్రేక్‌డౌన్, ఇవన్నీ షాప్‌కీపర్ పాలసీలో ఒకే కట్టగా దొరుకుతాయి. వాటి మీద మీ సమయం తీసుకోను.

తినేవాళ్ల దగ్గరకు వస్తాను. మనకున్న పబ్లిక్ లయబిలిటీ పాలసీలో కస్టమర్ జారిపడితే, పైకప్పు పెచ్చు ఊడి మీద పడితే పరిహారం ఉంటుంది. తిండి తిని జబ్బు చేస్తే? ఆహార పానీయాల ఎక్స్‌టెన్షన్ అని విడిగా అడిగి, దానికి కొంత ప్రీమియం కట్టి చేర్పించుకుంటేనే ఉంటుంది. చాలా పాలసీల్లో అది ఉండదు. హోటలు నడిపేవాడికి అసలు భయం దేని గురించో అదే పాలసీలో లేకుండా పోతోంది! ఇక పార్సిల్ తీసుకెళ్లి ఇంట్లో తిన్నవాళ్ల సంగతి మన గడప దాటిపోయింది కనుక ప్రాడక్ట్ లయబిలిటీ కిందకు వస్తుంది. ఇవాళ సగం వ్యాపారం పార్సిళ్లదే అయినప్పుడు ఇది వదిలేయదగ్గ విషయం కాదు. 2006 నాటి ఆహార భద్రతా చట్టం 65వ సెక్షన్ ప్రకారం కల్తీ లేక సురక్షితం కాని తిండి వల్ల మనిషి చనిపోతే పరిహారం 5 లక్షలకు తగ్గకూడదు. ఆపైన 2019 నాటి వినియోగదారుల చట్టంలో ప్రాడక్ట్ లయబిలిటీకి ఒక అధ్యాయమే ఉంది.

బ్రాండు వాడితే ఈ భయం తగ్గుతుందని అనుకుంటాం. 1993లో అమెరికాలో జాక్ ఇన్ ద బాక్స్ అనే బర్గర్ బ్రాండు విషయంలో ఏం జరిగిందో చూడండి. ఈకోలై బాక్టీరియా ఉన్న మాంసం సరిగా ఉడకలేదు. వాషింగ్టన్ రాష్ట్రం 68 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేయాలని చెప్పినా 60 డిగ్రీల దగ్గర తీసేశారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఏడు వందల మందికి పైగా జబ్బుపడ్డారు. మాంసం ఒకే చోటి నుంచి వచ్చింది, వండే పద్ధతి పైనుంచి వచ్చింది. ఆ తరవాత ఒక్క కేసూ లేని ఊళ్లలో కూడా జనం ఆ బోర్డు చూసి లోపలికి రావడం తగ్గించారు. తన వంటగది అద్దంలా ఉంచుకున్న యజమాని కూడా నష్టపోయాడు. మన పాలసీలు ఏవీ అలాంటి నష్టాన్ని ముట్టుకోవు. అందుకే బ్రాండు నుంచి ఎదురు హామీ తీసుకోండని ఇందాక అన్నాను.

నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది వంటగదిలో నిలబడ్డవాడి సంగతి. ఇవాళ మన వంటగదుల్లో ఒడిశా, బెంగాల్, బిహార్ నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. పది మంది లేక అంతకన్నా ఎక్కువ సిబ్బంది ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు జీతం మీద యజమాని 3.25 శాతం, కార్మికుడు 0.75 శాతం కట్టాలి. 2019 జులై నుంచి ఇవే రేట్లు. పనిలో దెబ్బ తగిలి మంచం పడితే సగటు వేతనంలో 90 శాతం వస్తుంది, ఆసుపత్రి ఖర్చు లేదు. పన్నెండు వేల జీతం మీద యజమాని కట్టేది నెలకు 390 రూపాయలు. దాన్ని తప్పించుకోవడానికి పదకొండు మందిని తొమ్మిది మందిగా చూపించేవాళ్లు ఉన్నారు. ఈ సభలో ఈ మాట అంటున్నందుకు నాకు ఏ సంకోచమూ లేదు. అది తప్పు.

ఈఎస్ఐ లేని చోట 1923 నాటి పరిహార చట్టపు లెక్క వర్తిస్తుంది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా కోడ్ ఈ రెంటినీ తనలో కలుపుకుంది. ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. నెలకు 15,000 జీతమున్న పాతికేళ్ల కుర్రాడు గ్యాస్ పేలి చనిపోతే, జీతంలో సగాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 216.91 అనే సంఖ్యతో హెచ్చవేస్తారు. 16 లక్షల 26 వేల పైచిలుకు వస్తుంది. నెల దాటితే 12 శాతం వడ్డీ. యజమాని కారణం లేకుండా ఆలస్యం చేస్తే పెనాల్టీ కూడా పడుతుంది. ఆ పెనాల్టీని పాలసీ భరించదు. ఈ పాలసీ తీసుకునేటప్పుడు సిబ్బంది సంఖ్య, జీతాల మొత్తం నిజంగా రాయండి. తక్కువ జీతాలు చూపించిన పాలసీ మీద ఎక్కువ పరిహారం అడగలేం. రోజు కూలీకి వచ్చే క్లీనర్‌ను, పండగ రోజుల్లో అదనంగా పిలిచే సప్లయర్‌ను కూడా రాయించాలి. సొంతంగా డెలివరీ కుర్రాళ్లను పెట్టుకున్నవాళ్లు, వాళ్ల బండికి థర్డ్ పార్టీ బీమా ఉందో లేదో కాగితం చూడందే తాళం చెవి ఇవ్వకండి. అమెరికాలో డామినోస్ అరగంటలో పిజ్జా అన్న హామీని 1993లో మానుకుంది. సెయింట్ లూయిస్‌లో ఒక డెలివరీ కారు ప్రమాదం మీద జ్యూరీ కోట్ల డాలర్ల తీర్పిచ్చిన తరవాతే అది జరిగింది.

ప్రమాదం సిబ్బందితోనే ఆగదు, తినడానికి వచ్చినవాళ్ల ప్రాణాలూ తీస్తుంది. 2017 డిసెంబరు 29న ముంబయి కమలా మిల్స్‌లో పైకప్పు మీది రెస్టారెంట్ కాలి 14 మంది పోయారు. 2007 ఆగస్టు 25న మన హైదరాబాదు గోకుల్ చాట్ దగ్గర, లుంబినీ పార్కులో బాంబులు పేలి 42 మంది పోయారు. అందులో సాయంత్రం చాట్ తినడానికి వచ్చినవాళ్లు చాలామంది. ఇలాంటి చోట ఫర్నిచరుకు వచ్చే క్లెయిము గురించి మాట్లాడటం నాకు నోరు రాదు. మనుషులకు ఏం చేయగలమన్నదే ప్రశ్న.

అందుకే ప్రభుత్వాన్ని అడగాల్సినది ఒకటుంది. పదిమందికి వండి పెట్టే ప్రతి చోటుకూ లైసెన్సుతో పాటు ఆహార ఎక్స్‌టెన్షన్ ఉన్న పబ్లిక్ లయబిలిటీని తప్పనిసరి చేయాలి. రోడ్డు మీద తిరిగే ప్రతి స్కూటరుకూ థర్డ్ పార్టీ తప్పనిసరి చేసిన దేశం, రోజుకు వెయ్యి మందికి భోజనం పెట్టే హోటలుకు చేయకపోవడానికి కారణం నాకు కనబడదు. ఫ్రాంచైజీ వెల్లడి చట్టం కూడా రావాలి.

అవి వచ్చేలోగా మన హోటళ్ల సంఘం చేయగలది ఉంది. ఒక్కొక్క హోటలు విడిగా వెళ్లి అడిగితే బీమా కంపెనీ ఆహార ఎక్స్‌టెన్షన్‌కు, లాస్ ఆఫ్ ప్రాఫిట్‌కు ఎక్కువ రేటు చెబుతుంది, లేదా అసలు పట్టించుకోదు. నూట యాభై హోటళ్లు ఒకే బ్రోకర్ ద్వారా ఒకే పదజాలంతో అడిగితే రేటూ తగ్గుతుంది, మాటా నెగ్గుతుంది. క్లెయిము తిరస్కరిస్తే సొంత యాజమాన్యం వాళ్లు, సూక్ష్మ సంస్థలు 50 లక్షల వరకు హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు ఫీజు లేకుండా వెళ్లవచ్చు. ఆ అర్జీలు రాసిపెట్టడానికి సంఘంలో ఒక మనిషిని కేటాయించండి. రెన్యువల్ తేదీల పుస్తకం కూడా ఆయన దగ్గరే ఉండాలి. ప్రీమియం ముందు చేరనిదే రిస్కు మొదలు కాదని 1938 నాటి బీమా చట్టం 64వీబీ సెక్షన్ చెబుతోంది. ఒక్క రోజు ఆలస్యమైనా ఆ రోజు మీరు బీమా లేకుండా పొయ్యి వెలిగించినట్టే. వచ్చే నెల సమావేశానికి సభ్యులు ఎవరి ఒప్పందం వాళ్లు, ఎవరి పాలసీ వాళ్లు తెచ్చుకోండి. నేను వస్తాను. సాయంత్రం టిఫిన్ల వేళకు మీకు కుదరదు కనుక మధ్యాహ్నం మూడింటికి కూర్చుందాం, ఒక్కొక్కటీ చదువుదాం.